ముందు పదహారు, వెనక పదహారు

2008 వేసవి. హైదరాబాద్‌లో మా ఆఫీసు సర్వర్ గదిని ఆనుకుని ఒక చిన్న గది ఉండేది. కిటికీ లేదు. ఏసీ మాత్రం సంక్రాంతి చలిలో కూడా ఆపేవాళ్ళు కాదు. బయట రోళ్ళు పగిలే ఎండ కాస్తుంటే ఆ గదిలో పని పడిందంటే నాకు లోలోపల సంతోషమే. ఆ రోజు పడ్డ పని పేరు కీ సెరిమనీ. పేరు వింటే ఏదో పెళ్ళితంతులా ఉంటుంది. జరిగేది ఇంతే: ముగ్గురు మనుషులు ఒకరి తర్వాత ఒకరు లోపలికి వెళ్ళి, తమ కవర్లో ఉన్న అంకెల్ని ఒక పెట్టెలోకి టైపు చేసి, రిజిస్టర్లో సంతకం పెట్టి బయటికి వచ్చేస్తారు.

ఆ పెట్టెని హెచ్‌ఎస్‌ఎం అంటాం, కీలనే రహస్య సంఖ్యల్ని దాచుకునే పెట్టె. మీరు ఒక బ్యాంకు కార్డు పట్టుకెళ్ళి ఇంకో బ్యాంకు ఏటీఎంలో పెడతారు, పిన్ నొక్కుతారు. ఆ పిన్ దారిలో ఎవరి కంటా పడకుండా మీ బ్యాంకుకి చేరాలి. మధ్యలో ఉండే స్విచ్ ఒక బ్యాంకు తాళం తీసి ఇంకో బ్యాంకు తాళం వేసి ముందుకి పంపుతుంది. తియ్యడం, వెయ్యడం రెండూ ఈ పెట్టె లోపలే జరగాలి. మూత తెరవబోయారా, లోపల దాచుకున్న కీలన్నీ తనే తుడిచేసుకుంటుంది. 2004లో రిజర్వ్ బ్యాంకు వాళ్ళ సంస్థ ఐడీఆర్‌బీటీ ఇక్కడినుంచే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ మొదలుపెట్టాక, ఏ కార్డు ఏ ఏటీఎంలోనైనా పెట్టడం జనానికి మెల్లగా అలవాటైంది. మాది దానితో సంబంధం లేని చిన్న ప్రైవేటు కంపెనీ. కొన్ని బ్యాంకుల ఏటీఎంలు, షాపుల్లో కార్డు గీకే మెషీన్లు మా స్విచ్‌కి కలిసి ఉండేవి.

మా నాన్న బ్యాంకులో హెడ్ క్యాషియర్‌గా చేసి రిటైరయ్యారు. తెనాలి బ్రాంచిలో స్ట్రాంగ్ రూముకి రెండు తాళాలు. ఒక తాళంచెవి నాన్న దగ్గర, రెండోది మేనేజరు దగ్గర. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకునేది. మేనేజరుగారికి జ్వరం వస్తే మా ఇంట్లో కూడా టెన్షనే. నేను చేసే పని ఏమిటో నాన్నకి ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు గానీ, "నేనూ కస్టోడియన్నే నాన్నా, ముగ్గురం ఉంటాం" అన్న రోజున మాత్రం ముఖం వెలిగిపోయింది. "ఓహో, జాయింట్ కస్టడీ!" అన్నారు.

సరిగ్గా అదే. అసలు కీ ఎంతో ఏ ఒక్కరికీ తెలియకూడదు. దాన్ని మూడు కాంపొనెంట్లుగా చేసి, మూడు కవర్లలో, ముగ్గురికి ఇస్తారు. పెట్టె లోపల ఆ మూడింటినీ ఎక్సార్ చేస్తే, అంటే బిట్టుకి బిట్టు పోల్చి కలిపితే, అసలు కీ తయారవుతుంది. ఇద్దరు కుమ్మక్కైనా మూడోది లేకపోతే వాళ్ళకి దక్కేది సున్నా. కీ సరిగ్గా ఎక్కిందో లేదో చూడ్డానికి ఒక పద్ధతి ఉంది. అన్నీ సున్నాలున్న ఎనిమిది బైట్లని ఆ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి (తాళం వెయ్యడమంటే ఇదే), వచ్చినదానిలో మొదటి ఆరంకెలు చూస్తారు. మా లెక్కలో ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ అంకెలే. దాన్ని కేసీవీ అంటాం, చెక్ వాల్యూ. అది రహస్యం కాదు. రిజిస్టర్లో రాసుకోవచ్చు, ఫోనులో చదివి చెప్పొచ్చు. ఈ పనిలో పాతవాళ్ళకి కొన్ని నోటికే వచ్చేస్తాయి. 8-సీ-ఏ-6-4-డీ కనబడిందంటే ఎవరో మొత్తం సున్నాల కీ ఎక్కించి చేతులు దులుపుకున్నారని అర్థం.

ఆ రోజు ఒక బ్యాంకుకి కొత్త మాస్టర్ కీ ఎక్కించాలి. పాతది డెస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో ఒక్కసారే తాళం వేసే సింగిల్ డెస్, అంటే పదహారు అంకెలు. కొత్తది ట్రిపుల్ డెస్, ముప్పై రెండు అంకెలు. ముందు పదహారు ఒక కీ, వెనక పదహారు ఇంకో కీ. మొదటి కీతో తాళం వేసి, రెండోదానితో తీసి, మళ్ళీ మొదటిదానితో వేస్తారు. రెండో కీ వేరేది కాబట్టి 'తియ్యడం' అంటే నిజానికి ఇంకా చిక్కుముడి వెయ్యడమే.

నా వంతు వచ్చింది. నల్ల కార్బన్ పూత ఉన్న కవరు చింపి కాగితం తీశాను. నాలుగేసి అంకెల గుంపులు ఎనిమిది. మొదటి నాలుగు గుంపులు టైపు చేసి, అయిదో గుంపు కోసం మళ్ళీ కాగితం చూస్తే, ఇది ఇందాకే కొట్టాను కదా అనిపించింది. వరస తప్పానేమో అనుకున్నాను. స్క్రీన్ మీద అంకెలకి బదులు చుక్కలే కనబడతాయి, లెక్కపెడితే పదహారు. కాగితం మీద వేలు పెట్టి చూశాను. అయిదో గుంపు, ఒకటో గుంపు ఒకటే. ఆరు, రెండు ఒకటే. ఏడు, మూడు. ఎనిమిది, నాలుగు. ముందు పదహారు ఎలా ఉన్నాయో వెనక పదహారూ అలాగే ఉన్నాయి.

ప్రింటు తప్పేమో అనుకుంటూనే మొత్తం కొట్టేశాను. కేసీవీ వచ్చింది, బ్యాంకువాళ్ళు పంపిన కాగితంతో సరిపోయింది. అంటే ప్రింటు తప్పు కాదు. అందరూ హమ్మయ్య అనుకున్నారు, సంతకాలయ్యాయి, టీ వచ్చింది. నాకు మాత్రం మింగుడు పడలేదు.

ఇక్కడ చిన్న ఇబ్బంది ఉంది. నా కాగితంలో ఏముందో నేనెవరికీ చెప్పకూడదు. మిగతా ఇద్దరివీ అడగకూడదు. నాది ఒక్కటే అలా ఉండి మిగతావి మామూలుగా ఉంటే, ఎక్సార్ చేశాక కీ బాగానే వస్తుంది. మూడూ ఇలాగే ఉంటే మాత్రం అసలు కీకి కూడా రెండు సగాలూ ఒకటే. అప్పుడు మొదటి కీతో వేస్తాం, అదే కీతో తీస్తాం, మళ్ళీ అదే కీతో వేస్తాం. వేసింది తీసి మళ్ళీ వేస్తే మిగిలేది ఒక్క తాళమే. పేరు ట్రిపుల్ డెస్, లోపల సింగిల్ డెస్.

అనుకోకుండా రెండు సగాలు ఒకటయ్యే అవకాశం ఎంత? డెస్ కీలో 64 బిట్లు కనబడతాయి గానీ, ఎనిమిది బిట్లు లెక్క సరిచూసుకోవడానికే. నిజంగా పనిచేసేవి 56. అంటే 72,05,75,94,03,79,27,936 రకాల కీలు. నోటితో చెప్పాలంటే డెబ్భై రెండు వేల లక్షల కోట్లు. అన్నింటిలో ఒకే ఒక్క వంతు అవకాశం. అంత అదృష్టం ఉంటే నేను ఆ గదిలో ఎందుకుంటాను?

సాయంత్రం అందరూ వెళ్ళాక పాత రిజిస్టర్ తీశాను. అదే బ్యాంకుకి నాలుగేళ్ళ కిందట ఎక్కించిన సింగిల్ డెస్ కీ తాలూకు పేజీ వెతికాను. కేసీవీ గడిలో ఆరంకెలు. పక్కన పొద్దున రాసిన పేజీ పెట్టాను. అవే ఆరంకెలు.

ఎవరి రహస్యమూ అడక్కుండానే సంగతి తేలిపోయింది. కొత్త కీ కాదది. పాత కీనే రెండుసార్లు పక్కపక్కన రాసి పంపారు.

నిజం చెప్పాలంటే, వాళ్ళు చేసిన పనికి దారి వేసి పెట్టింది ట్రిపుల్ డెస్ తయారుచేసినవాళ్ళే. వేసి, తీసి, వెయ్యడం అనే ఆ వరస ఎందుకు? మూడుసార్లూ వెయ్యొచ్చు కదా? భద్రత కోసమైతే మూడుసార్లు వేసినా ఒకటే. మధ్యలో తీసే ఏర్పాటు పాత మెషీన్ల కోసం. కీలన్నీ ఒకటే చేస్తే, కొత్త పెట్టె పాత సింగిల్ డెస్ పెట్టెతో కూడా మాట్లాడగలదు. ఊరంతటికీ ఒకే రోజు తాళాలు మార్చలేం కాబట్టి అది తెలివైన ఏర్పాటే. కాకపోతే ఆ వెసులుబాటునే శాశ్వత నివాసం చేసుకున్నవాళ్ళుంటారు.

నాన్నకి ఫోనులో చెప్పాను, బ్యాంకు పేరు చెప్పకుండా. ఆయన కాసేపు ఆలోచించి, "రెండు తాళాలకీ ఒకటే తాళంచెవా? మరి రెండో తాళం దేనికమ్మాయ్, ఇన్‌స్పెక్షన్ వాళ్ళకి చూపించడానికా?" అన్నారు. ఆడిటర్లతో ముప్పై ఏళ్ళు వేగిన మనిషి.

ఇంతకీ సింగిల్ డెస్ అయితే ఏమిటి నష్టం? దీనికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1970ల మొదట్లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌బీఎస్, ప్రభుత్వ కార్యాలయాలకి ఒక ఎన్‌క్రిప్షన్ పద్ధతి కావాలని అడిగితే ఐబీఎం ముందుకొచ్చింది. వాళ్ళ దగ్గర హార్స్ట్ ఫైస్టెల్ మొదలుపెట్టిన లూసిఫర్ అనే పద్ధతి ఉంది. దానిలో 128 బిట్ల కీ వాడే రకం కూడా ఉండేది. 1977 జనవరిలో డెస్ పేరుతో ప్రమాణంగా వచ్చేసరికి కీ 56 బిట్లకి కుదించుకుపోయింది. మధ్యలో అమెరికా గూఢచార సంస్థ ఎన్‌ఎస్‌ఏ చెయ్యి పడింది. లోపలున్న ఎస్-బాక్సులనే ఎనిమిది పట్టికల్లో కూడా వాళ్ళు వేలు పెట్టారని, దొడ్డిదారి ఏదో వదిలారని జనం ఏళ్ళ తరబడి అనుమానించారు.

నాకు ఈ కథలో బాగా నచ్చేది ఆ అనుమానం తిరగబడిన తీరు. 1990లో ఎలీ బిహామ్, అదీ షామిర్ అనే ఇద్దరు డిఫరెన్షియల్ క్రిప్టనాలిసిస్ అనే కొత్త ఆయుధం బయటపెట్టారు. దాని దెబ్బకి చాలా పద్ధతులు పడిపోయాయి, డెస్ మాత్రం విచిత్రంగా తట్టుకుని నిలబడింది. కారణం 1994లో ఐబీఎంకి చెందిన డాన్ కాపర్‌స్మిత్ చెప్పారు. ఆ ఆయుధం సంగతి వాళ్ళకి 1974లోనే తెలుసట, దాన్ని తట్టుకునేలాగే ఆ పట్టికలు రాశారట, ఎన్‌ఎస్‌ఏ కోరిక మీద ఇరవై ఏళ్ళు నోరు మెదపలేదట. అంటే జనం అనుమానించిన పట్టికలు నిజానికి గట్టిచేసినవి. 1993లో మిత్సురు మత్సుయి ఇంకో దారి కనిపెట్టి, మరుసటి ఏడు 12 కంప్యూటర్లతో 50 రోజుల్లో డెస్ కీని పట్టుకుని చూపించారు. కానీ దానికి ఒకే కీతో ఎన్‌క్రిప్ట్ చేసిన బ్లాకులు దాదాపు 8.8 లక్షల కోట్లు కావాలి. మా లైన్ మీద నా మనవలు రిటైరయ్యేదాకా అన్ని పిన్నులు రావు.

అందుకే డెస్ పనికిమాలిన పద్ధతి అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పనితనంలో వంక పెట్టడానికి లేదు. కీ పొట్టిది, అంతే. పొట్టి కీని పట్టుకోవడానికి తెలివి అక్కర్లేదు, ఓపిక చాలు. ఒక్కొక్కటీ వేసి చూసుకుంటూ పోవడమే. ఈ ప్రమాదాన్ని పరిశోధకులు విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ 1977లోనే లెక్కగట్టి చెప్పారు: పది లక్షల చిప్పులతో 2 కోట్ల డాలర్ల మెషీన్ కడితే ఒక్క రోజులో కీ దొరుకుతుందని. అంత డబ్బు ఎవరు పెడతారని అప్పట్లో తేలిగ్గా తీసుకున్నారు. 1998 జులైలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే డిజిటల్ హక్కుల సంస్థ రెండున్నర లక్షల డాలర్ల లోపు ఖర్చుతో డీప్ క్రాక్ అనే మెషీన్ కట్టి, 56 గంటల్లో కీ పట్టేసింది. సెకనుకి దాదాపు 9,000 కోట్ల కీలు వేసి చూసేది. తాళం తీస్తే లోపల ఉన్న వాక్యానికి అర్థం: ఇక 128, 192, 256 బిట్ల కీల కాలం వచ్చింది అని. మరుసటి జనవరిలో అదే మెషీన్, ఇంటర్నెట్‌లో కలిసిన దాదాపు లక్ష కంప్యూటర్లు చేతులు కలిపితే 22 గంటల 15 నిమిషాలు పట్టింది. 2006కి జర్మనీలో బోకుమ్, కీల్ విశ్వవిద్యాలయాల వాళ్ళు కోపకొబానా అని సుమారు 10 వేల డాలర్ల మెషీన్‌తో సగటున తొమ్మిది రోజుల లోపే ఆ పని చేసి చూపించారు. 2005 మేలో అమెరికా ప్రమాణాల సంస్థే డెస్‌ని వెనక్కి తీసేసుకుంది.

మా కీ ఎక్కించింది 2008లో.

డెస్‌తో నా పరిచయం అంతకన్నా పాతది. 1999లో నా మొదటి ఉద్యోగంలో ఒక యూనిక్స్ సర్వర్ ఉండేది. పక్క సీట్లో కూర్చునే సార్ ఒకాయన దేవుడి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, చివర నెల అంకె తగిలించి పాస్‌వర్డ్ చేసుకునేవారు. వెంకటేశ్వర-01, వెంకటేశ్వర-02, అలా. ప్రతి నెలా శ్రద్ధగా మార్చేవారు. ఒక రోజు తొందరలో చివరి అంకెలు కొట్టకుండానే ఎంటర్ నొక్కారు. లాగిన్ అయిపోయింది. ఆయన భయపడ్డారు, మేం నవ్వుకున్నాం. తర్వాత తెలిసింది. ఆ పాత యూనిక్స్ పాస్‌వర్డ్ పద్ధతి డెస్ మీద కట్టింది. మనం కొట్టే పాస్‌వర్డే డెస్ కీ. ఒక్కో అక్షరానికి ఏడు బిట్లు, ఎనిమిది అక్షరాలకి 56. తొమ్మిదో అక్షరం నుంచి ఏం కొట్టినా దానికి వినబడదు. ఆయన వెంకటేశ్వరుడిలో ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు 'వెంకటేశ్' దగ్గరే అయిపోయేవి. ఏడాది పొడుగునా ఒకే పాస్‌వర్డ్.

మళ్ళీ మా బ్యాంకు దగ్గరికొస్తాను. మాస్టర్ కీతో నేరుగా పిన్నులు ఎన్‌క్రిప్ట్ చెయ్యరు. రోజువారీ వాడే కీని దానితో కప్పి లైన్ మీద పంపుతారు. సరిగ్గా చేరిందో లేదో చూసుకోవడానికి, ఆ రోజువారీ కీ తాలూకు కేసీవీ కూడా పక్కనే పంపుతారు. ఆ ఆరంకెలు రహస్యం కాదన్నానుగా. ఇప్పుడు లైన్ మీద చెవి పెట్టి కూర్చున్నవాడి వైపునుంచి చూడండి. ఒక మాస్టర్ కీ ఊహిస్తాడు, కప్పిన కీని దానితో విప్పుతాడు, విప్పినదానితో సున్నాలని ఎన్‌క్రిప్ట్ చేసి ఆరంకెలు కలిశాయో లేదో చూస్తాడు. తప్పు ఊహల్లో 1,67,77,216లో ఒకటే ఈ జల్లెడ దాటుతుంది. అలాంటి సందేశాలు మూడు నాలుగు పోగేసుకుంటే మిగిలేది ఒక్కటే కీ. మా తప్పులు మేం పట్టుకోవడానికి పెట్టుకున్న ఆరంకెలే వాడికి దారి చూపిస్తాయి. కీ పొడుగ్గా ఉంటే ఇదేం పెద్ద సాయం కాదు. 56 బిట్లైతే సాయమే.

మర్నాడు బ్యాంకుకి మెయిల్ పెట్టాం. కాన్ఫరెన్స్ కాల్‌లో అటువైపు ఆయన చాలా మర్యాదగా, "మేడమ్, మీరు ట్రిపుల్ డెస్ అడిగారు, ట్రిపుల్ డెస్సే ఇచ్చాం కదా" అన్నారు. ముప్పై రెండు అంకెలున్నాయా, ఉన్నాయి. కేసీవీ కలిసిందా, కలిసింది. ఇంకేం కావాలి? ఆయన మోసం చెయ్యలేదు. వాళ్ళ దగ్గర కొన్ని పాత మెషీన్లకి సింగిల్ డెస్ తప్ప మరోటి తెలియదు. వాటిని మార్చడానికి బడ్జెట్ రాలేదు. పైనుంచి ట్రిపుల్ డెస్‌కి మారామని రిపోర్టు ఇమ్మన్నారు. పాత కీ రెండుసార్లు రాస్తే రెండూ జరిగిపోయాయి. నిజమైన కొత్త కీ అయిదు నెలల తర్వాత వచ్చింది, మూడు కవర్లు మూడు వేర్వేరు రోజుల్లో మూడు కొరియర్లలో. ఆ అయిదు నెలలూ నాకు ఆ లైన్ గుర్తొచ్చినప్పుడల్లా గ్యాస్ కట్టేశానో లేదో అన్నట్టుండేది.

ఆ రోజుల్లో మా టీములో చేరిన కుర్రాడొకడు అడిగాడు: "మేడమ్, మూడుసార్లు ఎందుకు? రెండు కీలతో రెండుసార్లు వేస్తే 112 బిట్లు వచ్చేస్తాయిగా?" మంచి ప్రశ్న. నేను పెళ్ళిళ్ళ పేరయ్యని అరువు తెచ్చుకున్నాను. పేరయ్య దగ్గర వెయ్యి మంది అబ్బాయిల జాతకాలు, వెయ్యి మంది అమ్మాయిల జాతకాలు ఉన్నాయనుకో. పది లక్షల జంటల్ని ఒక్కొక్కటిగా కూర్చోబెట్టి చూడడు కదా. ఇటువైపువన్నీ ఒక వరసలో, అటువైపువన్నీ ఒక వరసలో పేర్చుకుని, కలిసేవాటిని ఏరుకుంటాడు. దొంగ కూడా అంతే. తనకి తెలిసిన అసలు సందేశానికి అన్ని కీలతోనూ తాళం వేసి ఒక జాబితా రాస్తాడు. లైన్ మీద దొరికినదాన్ని అన్ని కీలతోనూ విప్పి ఇంకో జాబితా. రెండు జాబితాల్లో ఒకేలా ఉన్నచోట కీల జంట దొరుకుతుంది. జాబితాలు దాచుకోవడానికి జాగా విపరీతంగా కావాలి గానీ, శ్రమ మాత్రం 56 బిట్లకి రెట్టింపు, అంటే 57 బిట్లంతే. ఇదీ డిఫీ, హెల్మన్లు 1977లో చెప్పిందే. రెండో తాళానికి పెట్టిన డబ్బులు దండగ.

మూడు తాళాలు నిజాయితీగా వేసినా డెస్‌కి ఇంకో పొట్టితనం మిగిలే ఉంటుంది. అది ఒకసారికి నమిలేది 64 బిట్లు, ఎనిమిది బైట్లు. కీ ఎంత పొడుగు చేసినా ఆ ముద్ద పెద్దది కాదు. నాలుగంకెల పిన్నులు మొత్తం పదివేలు. అయినా 120 మంది ఉంటే ఇద్దరి పిన్ ఒకటే అయ్యే అవకాశం సగానికి మించుతుంది. అదే లెక్క బ్లాకులకీ వర్తిస్తుంది. ఒకే కీతో 32 జీబీ దాకా పంపేసరికి రెండు బ్లాకులు ఒకేలా వచ్చే అవకాశం గట్టిగా మొదలవుతుంది. అవి కలిసినచోట లోపలి సంగతి కొంచెం కారుతుంది. 2016లో ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధన సంస్థలో కార్తికేయన్ భార్గవన్, గయెటాన్ ల్యూరాన్ దీనికి స్వీట్32 అని పేరు పెట్టి, ట్రిపుల్ డెస్ వాడే వెబ్ కనెక్షన్‌లోంచి లాగిన్ కుకీని రెండు రోజుల లోపే లాగి చూపించారు. దానికి 785 జీబీ పారాల్సి వచ్చింది. మా పిన్నులకి దీనివల్ల ముప్పు లేదు, రోజువారీ కీ మారిపోతుంది కాబట్టి. పొద్దస్తమానం తెరిచి ఉంచే వీపీఎన్‌ల వాళ్ళు మాత్రం ఉలిక్కిపడాల్సిందే.

మా పిన్నుల ముప్పు వేరు. ఒకే కీతో ఒకే సరుకుని ఎన్‌క్రిప్ట్ చేస్తే ఎప్పుడూ ఒకే ఫలితం వస్తుంది. ఉత్త పిన్నునే ఎన్‌క్రిప్ట్ చేసి పంపితే, పదివేల రకాల ఫలితాలే తిరుగుతుంటాయి. నా పిన్ నాకు తెలుసు, నా పిన్ ఎలా మారి వెళ్తోందో చూస్తే, అదే ఫలితం వచ్చిన ప్రతి ఒక్కరి పిన్నూ నాకు తెలిసినట్టే. తాళం పగలగొట్టనక్కర్లేదు. అందుకని పిన్ బ్లాక్ ఫార్మాట్ 0 అని ఒకటి పెట్టారు. ముందు సున్నా, తర్వాత పిన్ ఎన్ని అంకెలో, పిన్, మిగతా అంతా ఎఫ్‌లు. దీన్ని కార్డు నంబరులోని పన్నెండు అంకెలతో ఎక్సార్ చేశాకే ఎన్‌క్రిప్ట్ చేస్తారు. ఇద్దరి పిన్ ఒకటైనా కార్డులు వేరు కాబట్టి ఫలితాలు వేరు. పాత పద్ధతులతో బతకడమంటే ఇలాంటి అతుకులే.

ఈ జాగ్రత్త తీసుకోకపోతే ఏమవుతుందో 2013లో అడోబీ చూపించింది. దాదాపు 15 కోట్ల ఖాతాల వివరాలు బయటికొచ్చాయి. పాస్‌వర్డులన్నీ ట్రిపుల్ డెస్‌తో, అందరికీ ఒకే కీతో, ముక్కముక్కగా విడివిడిగా ఎన్‌క్రిప్ట్ చేసి ఉన్నాయి. కీ బయటపడలేదు. అయినా ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్ళంతా ఒక గుంపుగా కనబడిపోయారు. పైగా 'మర్చిపోతే గుర్తుకు' అని జనం రాసుకున్న ఆధారాలు మామూలు అక్షరాల్లోనే ఉన్నాయి. గుంపులో ఒక్క తెలివితక్కువవాడు ఆధారంలో అసలు పాస్‌వర్డే రాసిపెట్టినా గుంపంతా మునిగింది. 123456 పెట్టుకున్నవాళ్ళు 19 లక్షల పైచిలుకు.

ఆర్‌సీ4 అనే ఇంకో ఎన్‌క్రిప్షన్ పద్ధతి గురించి కూడా ఒక మాట అనకపోతే తప్పు. 2011లో బీస్ట్ అనే దాడి వచ్చి, వెబ్ కనెక్షన్లలో బ్లాకుల పద్ధతి ప్రమాదం, ఆర్‌సీ4కి మారండి అన్నారు. మారాం. రెండేళ్ళు తిరక్కుండానే దానిలోంచి వచ్చే బైట్లు సమానంగా పడట్లేదని తేల్చారు. నిజానికి రెండో బైటు సున్నా అయ్యే అవకాశం ఉండాల్సినదానికి రెట్టింపని 2001 నుంచే తెలుసు. 2015 ఫిబ్రవరిలో వెబ్ కనెక్షన్లలో ఆర్‌సీ4 వాడనే వద్దని ప్రమాణం రాసేశారు. పెనం మీదినుంచి పొయ్యిలో పడ్డట్టు, రాత్రంతా కూర్చుని మార్చిన సెట్టింగులు మళ్ళీ రాత్రంతా కూర్చుని మార్చాం. సెలవు మాత్రం ఒక్కసారే ఇచ్చారు.

మా రంగం ట్రిపుల్ డెస్‌ని వదలడానికి ఇంకా ఆపసోపాలు పడుతూనే ఉంది. డెస్ బదులు వాడాల్సిన ఏఈఎస్ అనే కొత్త పద్ధతి ప్రమాణంగా 2001 నవంబరులోనే వచ్చింది. దాన్ని పిన్నులకి వాడే ఫార్మాట్ 4 పద్ధతి 2017 ప్రమాణంలో కుదిరింది. బ్లాకు 128 బిట్లు కావడంతో అందులో పిన్‌తో పాటు ప్రతిసారీ మారే అంకెలు పట్టేంత చోటు దొరికింది. 2023 ఆఖరుతో ట్రిపుల్ డెస్‌తో కొత్తగా ఎన్‌క్రిప్ట్ చెయ్యడానికి అమెరికా ప్రమాణాల సంస్థ చెల్లుచీటీ ఇచ్చింది. గల్లీ చివరి కిరాణా కొట్టులో కార్డు గీకే మెషీనుకి ఆ కబురు ఎప్పుడు చేరుతుందో అది దాని ఓనరుకీ, బ్యాంకుకీ మధ్య సంగతి.

పోయిన నెల మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళాను. గది మారింది, ఏసీ మారలేదు. ఏఈఎస్ 256 కీ, ఒక్కో కాంపొనెంటు అరవై నాలుగు అంకెలు. ఇప్పుడు నాకు దగ్గరి చూపుకి కళ్ళద్దాలు కావాలి. బయట నిలబడ్డ కుర్రాళ్ళు "మేడమ్ లోపలికెళ్ళి అరగంటైంది" అని గొణుక్కోవడం వినబడుతూనే ఉంది. ఏఈఎస్‌లో రెండు సగాలూ ఒకటైనా ఆ పాత డెస్ లాగా ఒక్క తాళంగా కుప్పకూలదు. పైగా మేం ఆ తర్వాత కొన్న పెట్టెలు అలాంటి డెస్ కీ ఇస్తే మొహం మీదే తిప్పికొడతాయి. అయినా కవరు చింపగానే కాగితం మధ్యకి మడిచి, మడత దగ్గర రెండు సగాలనీ పక్కపక్కన పెట్టి, ఒక్కో గుంపు మీదా వేలు పెట్టి చూసుకున్నాను. వేరువేరుగానే ఉన్నాయి. కాగితం విప్పి టైపు చెయ్యడం మొదలుపెట్టాను.